పేరు పక్కన పేరు: తుఫానుకు ముందు పంచాయతీ చేయాల్సిన పని

(దివిసీమలో సర్పంచులు, వార్డు సభ్యులు, గ్రామ సచివాలయ సిబ్బంది కోసం పెట్టిన ఒకరోజు శిక్షణలో, పంచాయతీరాజ్ శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక అధికారి చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారమండీ. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. అమ్మా, మీరు బిడ్డతో వచ్చారు, ఆ ఫ్యాను కిందకి జరగండి. ఆ, అక్కడ.

మొదలుపెట్టే ముందు ఒక మాట అడుగుతాను. చేతులెత్తక్కర్లేదు, మీలో మీరే చెప్పుకోండి. మీ ఊళ్ళో తుఫాను షెల్టరు తాళంచెవి ఇప్పుడు, ఈ నిమిషాన, ఎవరి దగ్గరుంది? బడి హెడ్మాస్టరు దగ్గరా? సచివాలయంలోనా? పాత సర్పంచి గారింట్లోనా? సరే, తెలుసనుకుందాం. ఆయన ఊళ్ళో లేకపోతే రెండో చెవి ఎవరి దగ్గరుంది? ఇప్పుడు కొందరు పక్కవాళ్ళ మొహం చూస్తున్నారు. ఫరవాలేదు. ఇది జూన్ నెల, చూసుకోవడానికి టైముంది. అక్టోబరులో ఉండదు.

ఇక్కడున్న పెద్దవాళ్ళకి నేను చెప్పేది కొత్త కాదు. చిన్నవాళ్ళ కోసం చెప్తున్నాను. 1977 నవంబరు 19, శనివారం. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. మా ఊరు సముద్రానికి దూరం, అవనిగడ్డకి ఇంకా పైన. మాకు గాలి వచ్చింది, వాన వచ్చింది, ఇంటి పైకప్పు లేచిపోయింది. కింద ఊళ్ళకి సముద్రమే లేచి వచ్చింది. అయిదారు మీటర్ల ఎత్తు, అంటే రెండంతస్తుల మేడంత నీళ్ళు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి, ఆ పేర్లు మీకు తెలుసు. సర్కారు లెక్కలోనే పదివేల మంది దాకా పోయారు. బతికినవాళ్ళని అడిగితే ఇంకా ఎక్కువే చెబుతారు.

మూడోరోజు మా మేనమామ నన్ను వెంటబెట్టుకుని కోడూరు వైపు బయల్దేరారు. అటు మా పెద్దమ్మ వాళ్ళుండేవారు. దారిలో ఒక తుమ్మచెట్టు దగ్గర ఆయన ఆగిపోయారు. పైన కొమ్మలో ఎర్రచీర ముక్క ఒకటి, వరిగడ్డితో పాటు చుట్టుకుని ఉంది. ఆయన చెయ్యెత్తారు, అందలేదు. నన్ను భుజాల మీద ఎక్కించుకున్నారు, నాకూ అందలేదు. నీళ్ళు ఎంత ఎత్తున వచ్చాయో నాకు ఆ చీర ముక్కే చెప్పింది. ఏ లెక్కల పుస్తకమూ అంత బాగా చెప్పలేదు.

ఇప్పుడు అడుగుతాను. వాతావరణం వాళ్ళు ముందు చెప్పలేదా? చెప్పారండీ. విశాఖపట్నంలో తుఫాను హెచ్చరికల కేంద్రం 1974లోనే పెట్టారు. బంగాళాఖాతంలో తుఫాను ఉందని తెలుసు. ఇప్పట్లా ఫలానా చోట, ఫలానా గంటకి అని చెప్పగలిగేవాళ్ళు కాదు, నిజమే. అయినా కబురంటూ ఉంది. ఆ కబురు సొర్లగొందిలో గుడిసె దాకా వెళ్ళలేదు. ఊరికి ఒకటో రెండో రేడియోలు. విన్నవాళ్ళు కూడా గాలివానే కదా అనుకున్నారు. సముద్రం లేచి ఊళ్ళ మీదికి వచ్చే ఉప్పెనని అంతకు ముందు వాళ్ళలో చాలామంది చూడలేదు. ఎక్కడికి పోవాలో తెలియదు, పోదామన్నా ఎత్తైన కట్టడం లేదు. చివరి రెండు మైళ్ళ దగ్గర ఆగిపోయింది కబురు. ఆ చివరి రెండు మైళ్ళు ఎవరివి? మనవి. పంచాయతీవి. నేను ఈ పూటంతా చెప్పబోయేది ఇదొక్కటే.

తర్వాత 1990 మే 9న వచ్చిన తుఫాను చూడండి. 77 దానికి తీసిపోయే తుఫాను కాదది. మళ్ళీ మన కృష్ణ ఒడ్డునే తగిలింది. కానీ ఈసారి ఆరు లక్షల మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. చనిపోయినవాళ్ళు వెయ్యి లోపు. వెయ్యి లోపంటే తక్కువా? తక్కువ కాదు. ఆ ఒక్కొక్క ఇంట్లో అది తక్కువ కాదు. కానీ పదివేలకీ వెయ్యికీ మధ్య తేడా అంతా మనుషుల్ని ముందు కదిలించడంలోనే ఉంది. గాలి తగ్గి కాదు.

ఒరిస్సా సంగతీ అంతే. 1999 అక్టోబరు 29న సూపర్ సైక్లోను, పదివేల మంది దాకా పోయారు. 2013లో ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు పోయినవాళ్ళు పదుల్లో ఉన్నారు. ఆ మధ్య పద్నాలుగేళ్ళు వాళ్ళు ఊరూరా కమిటీలు వేసుకున్నారు, షెల్టర్లు కట్టారు, ఏడాదికోసారి జనంతో రిహార్సలు చేయించారు. 2020లో యునెస్కో వాళ్ళు అక్కడ వెంకటరాయపూర్, నోలియాసాహి అనే రెండు ఊళ్ళకి సునామీకి సిద్ధంగా ఉన్న ఊళ్ళని గుర్తింపు ఇచ్చారు, మన దేశంలో మొట్టమొదట. నోలియాలంటే ఎవరో తెలుసా మీకు? ఒరిస్సా తీరాన మన తెలుగు జాలర్లనే నోలియాలంటారు. ఇక్కడి నుంచి వలస వెళ్ళిన మనవాళ్ళు. ఊరి మ్యాపు గోడకి వేసుకుని, ఏ వీధి వాళ్ళు ఎటు నడవాలో బాణం గుర్తులు పెట్టుకున్నారు. మనవాళ్ళు అక్కడ చేసింది మనం ఇక్కడ ఎందుకు చేయలేం?

ఇది మన పనేనా?

నిన్న ఒక సర్పంచి గారు ఫోన్లో అడిగారు, ఇక్కడే ఉన్నారు. "సార్, ఇదంతా కలెక్టరు గారి పని, రెవెన్యూ వాళ్ళ పని కదా, మాకేం అధికారం?" అని. మంచి ప్రశ్న. ఆయన అడిగిందాంట్లో సగం నిజముంది. 73వ రాజ్యాంగ సవరణతో పంచాయతీలకి ఇవ్వదగినవని 29 అంశాలు పదకొండో షెడ్యూల్లో రాశారు. అందులో విపత్తు నిర్వహణ అనే మాట లేదు. కానీ 2005లో వచ్చిన విపత్తు నిర్వహణ చట్టం తీయండి. 41వ సెక్షను పూర్తిగా స్థానిక సంస్థల గురించే. మీ సిబ్బందికి శిక్షణ ఇప్పించాలి, సామాను ఎప్పుడూ వాడుకకి సిద్ధంగా ఉంచాలి, మీ పరిధిలో కట్టేవి ప్రమాణాల ప్రకారం కట్టించాలి, విపత్తు వస్తే సహాయ పనులు చేయాలి. చేయవచ్చు అని లేదండీ, చేయాలి అని ఉంది. 32వ సెక్షనులో ప్రతి స్థానిక సంస్థా సొంత ప్రణాళిక రాసుకోవాలని ఉంది. జిల్లాలో విపత్తు నిర్వహణ సంఘానికి కలెక్టరు గారు అధ్యక్షులైతే, జిల్లా పరిషత్తు అధ్యక్షులు సహాధ్యక్షులు. జనం ఎన్నుకున్న మనిషిని చట్టమే ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టింది.

చట్టం పక్కనపెట్టి మామూలుగా ఆలోచిద్దాం. తుఫాను రాత్రి పన్నెండుకి తీరం దాటింది. కరెంటు లేదు, ఫోను లేదు. రోడ్డు మీద చెట్లు పడ్డాయి. జాతీయ విపత్తు సహాయ దళం, అదే ఎన్డీఆర్ఎఫ్ వాళ్ళు మచిలీపట్నంలోనే ఉన్నారనుకోండి. మీ ఊరికి ఎప్పుడు వస్తారు? రోడ్డు తీస్తే వస్తారు. రోడ్డు ఎవరు తీయాలి? మొదటి రోజు మీ ఊళ్ళో మీరే కలెక్టరు, మీరే తాసిల్దారు, మీరే పోలీసు. 2014 అక్టోబరు 12న హుద్ హుద్ తుఫాను విశాఖపట్నాన్ని కొట్టినప్పుడు అంత మహానగరంలోనే సెల్‌ఫోన్లు మూగబోయాయి. ఊళ్ళ సంగతి చెప్పాలా?

కాబట్టి ఇది మన పనే.

డెబ్బై రెండు గంటలు

వాతావరణ శాఖ ఇప్పుడు నాలుగు దశల్లో చెబుతుంది. 72 గంటల ముందు ఒక కన్నేసి ఉంచండి అంటుంది. 48 గంటల ముందు అప్రమత్తం చేస్తుంది, మ్యాపులో పసుపు రంగు. 24 గంటల ముందు హెచ్చరిక, నారింజ రంగు. 12 గంటల ముందు ఎక్కడ దాటుతుంది, దాటాక లోపలికి ఎలా వెళ్తుంది అని, ఎరుపు రంగు. అంటే మీ చేతిలో మూడు రోజులున్నాయి. 77లో కబురే అందని ఊళ్ళకి మూడు గంటలు కూడా లేవు. ఈ మూడు రోజుల్నీ మనం టీవీ ముందు కూర్చుని గడిపేస్తే ఉపగ్రహాలు ఎన్ని ఉండి ఏం ప్రయోజనం?

ఇక్కడ ఒక సంగతి సరిచేయాలి. టీవీలో మచిలీపట్నం రేవుకి పదో నంబరు ప్రమాద హెచ్చరిక అంటారు. మన జనం నంబరు పెరిగేకొద్దీ భయపడతారు, తగ్గితే ఊపిరి పీల్చుకుంటారు. ఆ నంబర్లు ఓడల కోసం పెట్టినవండీ, ఊళ్ళ కోసం కాదు. 8, 9, 10 మూడూ మహా ప్రమాదం గుర్తులే. తుఫాను రేవుకి ఎటు పక్కగా దాటుతుందో చెప్పడానికి 8, 9 వాడతారు, రేవు మీదుగానో దగ్గరగానో దాటితే 10. ఎనిమిదే కదా అని ఇంట్లో కూర్చోకూడదు. ఇక 11 అంటే ఏంటి? చెప్పండి ఎవరైనా. పదికన్నా పెద్ద తుఫానా? కాదు. వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం. ఇక అవతలి నుంచి కబురు రాదు, ఇక మీ బుద్ధితో మీరు నడుచుకోండి అని. నా లెక్కలో ప్రతి పంచాయతీ పదకొండో నంబరుకి సిద్ధపడి ఉండాలి.

72 గంటలప్పుడు ఏం చేయాలి? వేటకి వెళ్ళిన పడవల్ని వెనక్కి పిలవాలి. 1996 నవంబరు 6న కోనసీమ తుఫానులో ఎంతమంది జాలర్లు సముద్రం మీదే ఉండిపోయారో గోదావరి వాళ్ళని అడగండి. ఏ బోటు, ఎవరెవరు ఎక్కారు, ఎప్పుడు వెళ్ళారు, ఫోను నంబరేంటి, ఈ నాలుగూ ఒక పుస్తకంలో ఉంటే పిలవగలం. లేకపోతే ఒడ్డున నిలబడి ఏడవడమే. జూన్ 14 దాకా వేట నిషేధం, బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఆ పుస్తకం రాయడానికి ఇంతకన్నా మంచి టైము దొరకదు.

48 గంటలప్పుడు ఓవర్‌హెడ్ ట్యాంకు నిండా నీళ్ళు ఎక్కించండి. మంచినీళ్ళ చెరువు గట్టు చూసుకోండి. గాలి మొదలవగానే కరెంటు వాళ్ళు లైను ఆపేస్తారు, ఆపాలి కూడా. అప్పుడు మోటారు తిరగదు. ఉప్పునీళ్ళు చెరువులోకి వస్తే నెల రోజులు మీ ఊరికి ట్యాంకరే గతి. డ్రెయిన్లలో నీళ్ళకి అడ్డుపడే గుర్రపుడెక్క చూడండి, కాలువ షట్టర్లు ఎత్తి దించే లస్కరు ఉన్నాడా లేడా చూడండి. చెట్లు కోసే మిషను ఎవరింట్లో ఉంది, దాంట్లో పెట్రోలుందా, గొలుసు పదునుగా ఉందా. జేసీబీ ఎవరిది, డ్రైవరు మన ఊరివాడేనా, ఆ రాత్రి ఊళ్ళో ఉంటాడా. ఇసుక బస్తాలు, సరుగుడు కర్రలు కరకట్ట బలహీనంగా ఉన్న చోట ముందే దింపుకోండి. గండి పడ్డాక ట్రాక్టరు అక్కడికి వెళ్ళదు.

ఇక 24 గంటలు. దీని గురించి కొంచెంసేపు మాట్లాడాలి. మనుషుల్ని కదిలించే పని ఇప్పుడే.

1990 మేలో నేను పంచాయతీ ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. సముద్రానికి దగ్గర ఊరు. ఊరి పేరొద్దు, ఆ మనుషుల్లో కొందరు ఇప్పటికీ ఉన్నారు. దండోరా వేయించాం, గుళ్ళో మైకులో చెప్పాం. సాయంత్రం నాలుగింటికి జనం పిల్లల్ని ఎత్తుకుని, మూటలు నెత్తిన పెట్టుకుని షెల్టరు దగ్గరికి వచ్చారు. వానలో. నేను తాళంచెవి కోసం మనిషిని పంపాను. తాళం ఉన్నాయన పెళ్ళికి వెళ్ళారు. మే నెల, ముహూర్తాల రోజులు. రెండో చెవి లేదు. గునపంతో తాళం పగలగొట్టాం. తలుపు తీస్తే లోపల ఎరువు బస్తాలు, గోడ నుంచి గోడ దాకా. ఎవరో దాచుకున్నారు. పొడిగా ఉండే చోటు కదా! ఆ బస్తాలు బయటికి మోయడానికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరసేపు పసిపిల్లల్తో తల్లులు వానలో నిలబడ్డారు. యూరియా కరిగి కాళ్ళ మీద పడుతోంది. కొన్ని కుటుంబాలు విసిగిపోయి ఇంటికి తిరిగెళ్ళాయి. వాళ్ళని మళ్ళీ తీసుకురావడానికి ఎంత బతిమాలానో నాకే తెలుసు.

రాత్రి ఎనిమిదింటికి లాంతరు వెలుగులో పేర్లు పిలిచాను. ఒక మామ్మ లేదు. నడవలేదు ఆవిడ, తుంటి విరిగి ఏడాదయింది. పెద్దకొడుకుని అడిగితే, తమ్ముడు తెస్తానన్నాడండీ అన్నాడు. తమ్ముణ్ణి అడిగితే, అన్నయ్య తెచ్చాడనుకున్నానండీ అన్నాడు. నేనేమో ఇద్దరు కొడుకులున్నారు కదా, తెచ్చే ఉంటారులే అనుకున్నాను. ముగ్గురం అనుకున్నాం. ఆవిడ మాత్రం చీకట్లో ఒక్కతే. ఇద్దరు కుర్రాళ్ళు ముందుకొచ్చారు, కొడుకులు ఇద్దరూ వెళ్ళారు. ఆ గాలిలో నులకమంచం తలకెత్తుకుని, ఆవిణ్ణి దాని మీద తాళ్ళతో కట్టి తీసుకొచ్చారు. తాటాకులు కత్తుల్లా ఎగురుతున్నాయి. ఒక కుర్రాడికి చెవి కోసుకుపోయింది. ఆవిడ బతికింది. తర్వాత చాలా ఏళ్ళు బతికింది. నేను ఎప్పుడు ఆ ఊరు వెళ్ళినా "నన్ను మర్చిపోయావురా అబ్బాయ్" అనేది. నవ్వుతూనే అనేది, కానీ అది నిజం. నేను మర్చిపోయాను.

అప్పటి నుంచి నా సర్వీసంతా ఎక్కడ పనిచేసినా ఒక నోటు పుస్తకం రాయించాను. పెద్ద ఖర్చు లేదు, బజార్లో దొరికే వంద పేజీల పుస్తకం. వార్డుకి నాలుగైదు పేజీలు. ఎడమ పక్క, తనంతట తాను షెల్టరుకి రాలేని మనిషి పేరు. కుడి పక్క, ఆ మనిషిని తీసుకొచ్చే మనిషి పేరు. ఒక్క పేరు. కుటుంబ సభ్యులు అని రాయకూడదు. ఇరుగుపొరుగు అని రాయకూడదు. పదిమందిది అని రాసిన పని ఒక్కరిదీ కాదు. పేరు పక్కన పేరు ఉండాలి. ఆయన ఊళ్ళో లేకపోతే ఎవరు అని దాని పక్కన ఇంకో పేరు. రాసిన తర్వాత ఆ మనిషి దగ్గరికి వెళ్ళి, "నీ పేరు రాశానయ్యా, ఒప్పుకుంటావా" అని అడిగి సంతకం పెట్టించాలి.

ఎవరెవరి పేర్లు రాయాలి? ముసలివాళ్ళు, మంచాన పడ్డవాళ్ళు, కళ్ళు కనపడనివాళ్ళు. చెవులు వినపడనివాళ్ళని మాత్రం మరిచిపోవద్దు, మైకులో చెప్పింది వాళ్ళకి చేరదు. గర్భిణుల లెక్క ఊరి నర్సు, అదే ఏఎన్ఎం అమ్మ రిజిస్టర్లో ఉంటుంది. పురుడు తేదీ దగ్గరపడ్డవాళ్ళని షెల్టరుకి కాదు, 48 గంటల ముందే ఆసుపత్రికి పంపాలి. డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళు, ఇన్సులిన్ పొడుచుకునేవాళ్ళు. భర్త వేటకో వలస పనికో పోయి ఒంటరిగా పిల్లలతో ఉన్న ఆడవాళ్ళు. రొయ్యల చెరువుల మీద కాపలా ఉండేవాళ్ళు, వీళ్ళు చాలావరకు బయటి ఊళ్ళవాళ్ళు, ఒక్కోసారి బయటి రాష్ట్రాలవాళ్ళు. ఓటరు లిస్టులో ఉండరు, రేషను కార్డు ఇక్కడ ఉండదు. చెరువు గట్టు మీద చిన్న షెడ్డులో ఉంటారు. ఉప్పెన వస్తే ముందు తగిలేది వాళ్ళకే. వాళ్ళ పేర్లు ఏ లెక్కలోనూ లేవు, కనీసం మన పుస్తకంలో ఉండాలి.

ఈ పుస్తకం ఆశా వర్కరూ, అంగన్‌వాడీ టీచరూ, పొదుపు సంఘం లీడరూ కూర్చుంటే రెండు పూటల్లో అయిపోతుంది. మగవాళ్ళం కూర్చుంటే నెల పడుతుంది. ఎవరింట్లో ఎవరు ఎలా ఉన్నారో వాళ్ళకి తెలిసినట్టు మనకి తెలియదు.

మరి రానంటారే, వాళ్ళనేం చేయాలి? అమ్మా, మీరు తలూపుతున్నారు, మీకు అనుభవం ఉన్నట్టుంది. ఎందుకు రానంటారో అడగాలి. కసురుకుంటే రారు. ఒకాయన గేదెని వదిలి రానన్నాడు. పాడి గేదె, ఇంటికి అదే జీతం. ఆయన మాటలో తప్పేముంది? పశువులకి మెరక చోటు ముందే చూపించండి. అదీ లేకపోతే పలుపు విప్పి వదిలేయమనండి, కట్టేసిన గొడ్డు నిలబడ్డ చోటే పోతుంది, విప్పిన గొడ్డు ఈదుతుంది. ఇంకొకావిడ ఇంట్లో బంగారం, పట్టాదారు పుస్తకం ఉన్నాయని రాలేదు. ఆ కాగితాలు, ఆధారు కార్డు ప్లాస్టిక్ కవర్లో చుట్టి నడుముకి కట్టుకోమని జూన్‌లోనే చెబితే ఆ రాత్రి గొడవ ఉండదు.

ఆడవాళ్ళు రానన్నారంటే నేనైతే ముందు షెల్టరు మరుగుదొడ్డి చూసొస్తాను. ఒక చోట ఆడవాళ్ళంతా ఇంటికి వెళ్ళిపోతామని కూర్చున్నారు. ఎందుకో చెప్పరు. చివరికి ఒక వార్డు మెంబరమ్మ నా దగ్గరికొచ్చి మెల్లగా చెప్పింది, దొడ్డికి లోపల గడియ లేదు సార్ అని. నలభై రూపాయల గడియ. దాని కోసం రెండు వందల మంది ఆడవాళ్ళు ఉప్పెన దారిలోకి వెళ్ళిపోబోయారు. బంగ్లాదేశ్‌లో 1991 తుఫానులో లక్షకి పైగా చనిపోతే అందులో ఆడవాళ్ళే చాలా ఎక్కువ. పిల్లల్ని వదలలేక, పరాయి మగవాళ్ళ మధ్యకి రాలేక ఇళ్ళల్లోనే ఉండిపోయారు. ఆ దేశంలో ఇప్పుడు తుఫాను వాలంటీర్లలో సగం మంది ఆడవాళ్ళు. ఇంటి లోపలి దాకా వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేది వాళ్ళే.

రేపు మీరు ఊరెళ్ళగానే షెల్టరుకి వెళ్ళండి. నాతో రానక్కర్లేదు, ఎవరికీ చెప్పక్కర్లేదు. తాళం తీయండి. నీళ్ళ పంపు తిప్పండి, నీళ్ళొస్తున్నాయా? మెట్ల పక్కన ర్యాంపు ఉందా, దాని మీద ఎవరైనా పిడకలు పేర్చారా? కిటికీ రెక్కలు పడుతున్నాయా? జనరేటరు ఉంటే నెలకోసారి తిప్పుతున్నారా? దాన్ని గదిలో పెట్టి తిప్పొద్దు, ఆ పొగకి వాసన తెలియకుండానే మనిషి పోతాడు, బయట, తలుపులకీ కిటికీలకీ దూరంగా పెట్టండి. మూడు తాళంచెవులు చేయించండి. ఒకటి సచివాలయంలో, ఒకటి షెల్టరు పక్కింట్లో, ఒకటి ఎప్పుడూ ఊరు దాటని మనిషి దగ్గర. ప్రతి ఊళ్ళో అలాంటి మనిషి ఒకరుంటారు, మీకు తెలుసు.

ఇంకొక్క మాట, గాలి ఆగడం గురించి. తుఫాను కన్ను మన మీదుగా పోతే గాలి ఒక్కసారిగా ఆగుతుంది. వాన ఆగుతుంది. ఒక్కోసారి చుక్కలు కూడా కనపడతాయి. అయిపోయిందనుకుని జనం ఇంటికి పరిగెత్తుతారు. కాసేపటికి అటువైపు నుంచి గాలి కొడుతుంది, మొదటిదానంత బలంగా. మొదటి గాలికి ఒరిగిన గోడలు రెండో గాలికి పడతాయి. షెల్టరు తలుపు దగ్గర గట్టి గొంతున్న మనిషిని నిలబెట్టండి. సర్పంచి గారో, సెక్రటరీయో చెప్పేదాకా ఒక్కరు గడప దాటకూడదు.

పైనున్న ఊరి నంబరు

తుఫాను ఒక్కటే కాదు. మనది డెల్టా. పైన ఎక్కడో వాన పడితే కింద మనం మునుగుతాం. 2024 సెప్టెంబరు 1 తెల్లవారి విజయవాడలో సింగ్ నగర్ జనం నిద్ర లేచేసరికి ఇళ్ళల్లో నీళ్ళు. కొండపల్లి వైపు బుడమేరు మళ్ళింపు కాలువకి మూడు గండ్లు పడ్డాయి. అదే రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి రికార్డు వరద. రోజుల తరబడి మేడల మీద మంచినీళ్ళు లేకుండా ఉన్నారు, డ్రోన్లతో ఆహారం పొట్లాలు వేశారు. అంత పట్నంలో, అన్ని ఆఫీసులున్న చోట. నేను ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పట్లేదు. మీ పై ఊరి సర్పంచి నంబరు మీ ఫోన్లో ఉందా అని అడుగుతున్నాను. మీ కాలువకి ఎగువన ఏ లాకు ఉంది, అక్కడి లస్కరు నంబరుందా? మీ ఊరు దాటాక కింద ఎవరున్నారు, వాళ్ళ నంబరుందా? పైవాళ్ళు మీకు చెప్పాలి, మీరు కిందవాళ్ళకి చెప్పాలి. అత్యవసరానికి 112, రాష్ట్ర కంట్రోలు రూము 1070, జిల్లా కంట్రోలు రూము 1077, ఈ నంబర్లు గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి. కానీ పై ఊరి మనిషి ఫోను వాటన్నిటికన్నా ముందు మోగుతుంది.

ఇక తుఫాను దాటాక సంగతి కొంచెం చెప్పి ముగిస్తాను, భోజనాలకి టైమవుతోంది.

మొదట పేర్లు పిలవండి. అదే పుస్తకం తీసి, అవే పేర్లు. తర్వాత రోడ్డు. ఆ తర్వాత నీళ్ళు, బావుల్లో, ట్యాంకులో బ్లీచింగు. తెగిన కరెంటు తీగ జోలికి ఎవరూ పోకూడదు, చచ్చిన తీగే అని తెలిసినా సరే. పాములు మెరక వెతుక్కుంటూ ఇళ్ళల్లోకి, గడ్డివాముల్లోకి వస్తాయి. పీహెచ్‌సీలో పాము కాటు మందు ఉందో లేదో డాక్టరు గారిని ఇప్పుడే అడగండి, కాటు పడ్డాక కాదు.

నష్టం లెక్కల దగ్గర మన వాళ్ళు చాలా పోగొట్టుకుంటారు. పంట 33 శాతం పైన పోతేనే పెట్టుబడి రాయితీ. దానికి ఎవరు ఏ పంట వేశారో నమోదు చేసే ఈ-పంటలో పేరు ఉండాలి. కౌలు రైతుకి కౌలు కార్డు లేకపోతే చేను ఆయన దున్నినా డబ్బు ఇంకొకరికి పోతుంది. కాబట్టి కౌలుదార్ల పేర్లు సాగు మొదట్లోనే ఎక్కించండి. అది కూడా తుఫానుకి సిద్ధపడడమే. నష్టం రాసుకోవడానికి, అదే ఎన్యూమరేషనుకి వచ్చినవాళ్ళు పెద్దవీధి చూసి వెళ్ళిపోతారు. కాలనీలోకి, చెరువు గట్టుకి మీరే దగ్గరుండి తీసుకెళ్ళండి. తయారైన లిస్టు సచివాలయం గోడకి అంటించండి, ఎవరి పేరు తప్పిపోయిందో ఊరే చెబుతుంది.

డబ్బు లేదంటారు. నేను కాదనను. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా రాష్ట్రాల విపత్తు నిధిలో 20 శాతం ముప్పు తగ్గించే పనులకి వేరుగా పెట్టమంది. 10 శాతం సన్నద్ధతకి, శిక్షణకి అంది. మీరు అడిగారా ఎప్పుడైనా? మీ గ్రామ అభివృద్ధి ప్రణాళికలో షెల్టరు మరమ్మతు, చెట్ల మిషను, మైకు సెట్టు, ఇవి ఒక్క వరుస రాయండి. గ్రామసభ తీర్మానంతో పంపండి. కాగితం మీద లేని దాన్ని ఇస్తానన్న అధికారి ఇంతవరకు నాకు తారసపడలేదు.

బల్ల మీద నోటు పుస్తకాలు పెట్టాం, పంచాయతీకి ఒకటి. భోజనం చేసి వచ్చాక ఊరి వారీగా కూర్చోండి. సెక్రటరీ గారు రాయాలి, వార్డు మెంబర్లు చెప్పాలి. ఇందాక టీ దగ్గర ఒకమ్మాయి, ఆ, మీరే, రెండో వార్డు. మీ వీధి చివర పాకలో చూపు లేని పెద్దావిడ ఒక్కతే ఉంటుందన్నారు కదా. మొదటి పేజీలో ఆవిడ పేరు రాయించండి. పక్కన ఎవరి పేరు రాయాలో ఆలోచించుకుని రండి, రెండింటికి కలుద్దాం.